మిలిటరీ అకాడమీలో కొత్తవాడికి కంప్యూటరు రూళ్లు – ఎందుకన్ని?



పోయిన నెల మన హాస్టల్‌కి ఒక రిటైర్డ్ సుబేదారు గారు వచ్చి, ఎన్.డి.ఏ. పరీక్ష గురించి గంటసేపు చెప్పిన సంగతి మీ అందరికీ గుర్తుండే ఉంటుంది. ఇంటర్ చదువుతున్నవాళ్లు రాయవచ్చని, యు.పి.ఎస్.సి. వాళ్లు ఏడాదికి రెండుసార్లు పెడతారని, నెగ్గితే పూనా దగ్గర ఖడక్‌వాస్లాలో మూడేళ్ల ట్రైనింగ్ అని చెప్పారు. 2022 నుంచి అక్కడ ఆడపిల్లల్ని కూడా చేర్చుకుంటున్నారని చెబితే మనవాళ్లు చప్పట్లు కొట్టారు.

ఆ రాత్రి డార్మిటరీలో లైట్లు ఆర్పాక పెద్ద చర్చ జరిగింది. "అక్కడ ఒక్కొక్కడికీ ఒక కంప్యూటరు ఇస్తారంట్రా, రాత్రంతా సినిమాలు చూసుకోవచ్చు" అన్నాడొకడు. "నీ మొహం, మొదటి ఏడాది ఫోనే ముట్టుకోనివ్వరంట" అన్నాడింకొకడు. "మరి ఇక్కడికీ అక్కడికీ తేడా ఏంట్రా?" అని మూడోవాడు. వాడి ఫోను వేసవి సెలవుల నుంచి రాగానే వార్డెన్ గారి బీరువాలోకి వెళ్లింది లెండి, ఆ బాధ వాడిది. నా ఫోనూ అదే బీరువాలో ఉంది కాబట్టి నేను కూడా వాడి పార్టీయే.

సరే, అసలు మిలిటరీ అకాడమీల్లో కొత్తగా చేరినవాళ్లకి కంప్యూటరు, ఫోను విషయంలో ఎలాంటి రూళ్లు ఉంటాయి, ఎందుకుంటాయి అని కంప్యూటరు మాస్టారి సాయంతో చదివాను. చదివింది రాస్తున్నాను. పొడుగైంది, కోప్పడకండి. రెండో చార్టు మీదకి కూడా వచ్చింది.

ముందుగా అమెరికా సంగతి చెప్పాలి, ఎందుకంటే కాడెట్లకి కంప్యూటర్లు ఇవ్వడంలో వాళ్లది పాత అనుభవం. న్యూయార్క్ రాష్ట్రంలో హడ్సన్ అనే నది ఒడ్డున వెస్ట్ పాయింట్ అని ఒక మిలిటరీ అకాడమీ ఉంది. మనం గోదారి ఒడ్డున ఉన్నట్టే అనుకోండి. 1802లో పెట్టారు. చదువు నాలుగేళ్లు. మొదటి ఏడాది వాళ్లని "ప్లీబ్" అంటారు. పాత రోమ్‌లో మామూలు జనాన్ని పిలిచిన మాటలోంచి వచ్చింది ఆ పేరు. 1986లో చేరిన బ్యాచ్ నుంచి అక్కడ ప్రతి కాడెట్ దగ్గరా ఒక కంప్యూటరు ఉండాల్సిందే. ఊరికే ఇవ్వరు. కాడెట్‌కి నెలనెలా జీతం ఉంటుంది, అందులోంచి దాని ఖరీదు కోసుకుంటారు.

కాబట్టి మొదటివాడు చెప్పింది సగం నిజం. కానీ రెండోవాడు చెప్పింది కూడా నిజమే. చేరిన మొదటి వేసవిలో వాళ్లకి ఫోను ఉండదు. వచ్చిన రోజే అప్పగించాలి. ఇంటికి ఉత్తరాలు రాసుకోవాలి, అనుమతి ఇచ్చినప్పుడు మాత్రం కాసేపు మాట్లాడుకోవాలి. ఆ తరవాత కంప్యూటరు వాడుకోవచ్చు గానీ, నెట్‌వర్కు మిలిటరీది. తెరవగానే ముందు ఒక హెచ్చరిక కనిపిస్తుంది: ఇది ప్రభుత్వ కంప్యూటరు, నువ్వు చేసే పనిని మేము చూడవచ్చు, ఒప్పుకుంటేనే లోపలికి రా అని. మన కంప్యూటరు రూములో రిజిస్టరులో సంతకం పెట్టమంటేనే మనం ముఖం ముడుచుకుంటాం.

ఇప్పుడు రూళ్ల దగ్గరికి వద్దాం. ఒక్కో రూలు వెనకా ఒక్కో దెబ్బ ఉంది. ఊరికే ఎవరో కూర్చుని రాసినవి కావు.

పెన్‌డ్రైవుతో మొదలుపెడతాను, ఎందుకంటే ఇది మన విశాఖపట్నంలోనే జరిగింది. తూర్పు నౌకాదళానికి ముఖ్య కేంద్రం విశాఖే కదా. మన దేశంలో కట్టిన మొదటి అణు జలాంతర్గామి అరిహంత్ కూడా అక్కడే తయారైంది. ఆ నౌకాదళ కేంద్రంలో ముఖ్యమైన కాగితాలుండే కంప్యూటర్లకి ఇంటర్నెట్ కలపరు. నెట్ లేకపోతే బయటివాడు లోపలికి ఎలా వస్తాడు, రాలేడు కదా అని ధీమా. గోదారి మధ్యలో లంక ఉన్నట్టు ఊహించుకోండి. చుట్టూ నీళ్లు, వంతెన లేదు.

కానీ లంకకి పడవ వెళ్తుంది కదా! పెన్‌డ్రైవు ఆ పడవ. నౌకాదళం కంప్యూటర్లలో ఒక వైరస్ దొరికిందని 2012 జూలైలో పత్రికల్లో వచ్చింది. అది చేసే పని ఏమిటంటే, పెన్‌డ్రైవు పెట్టగానే అందులో కనపడని ఒక ఫోల్డరు తయారు చేసుకుంటుంది. కంప్యూటర్లో తనకి కావలసిన మాటలున్న ఫైళ్లని వెతికి అందులోకి చేరుస్తుంది. చప్పుడు ఉండదు, తెర మీద ఏమీ కనపడదు. అదే పెన్‌డ్రైవుని ఎవరైనా తీసుకెళ్లి నెట్ ఉన్న ఇంకో కంప్యూటరుకి పెట్టారనుకోండి, దాచుకున్న ఫైళ్లన్నీ బయటికి పంపించేస్తుంది. అవి చైనాలోని కంప్యూటర్లకి వెళ్లాయని పత్రికలు రాశాయి. పెన్‌డ్రైవు పెట్టినవాడు దొంగ కాదు, గూఢచారి కాదు. పని తొందరగా అవుతుందని పెట్టి ఉంటాడు. రూలు మాత్రం అప్పటికే ఉంది, పెట్టకూడదని.

అమెరికా వాళ్లకి ఇదే దెబ్బ 2008లో తగిలింది. పశ్చిమాసియాలో ఉన్న వాళ్ల మిలిటరీ కంప్యూటరుకి ఎవరో ఒక పెన్‌డ్రైవు పెడితే, అందులోంచి పురుగు పాకినట్టు పాకింది. ఆ ఏడాది నవంబరులో మిలిటరీ మొత్తం మీద పెన్‌డ్రైవులు వాడకూడదని ఆర్డరు వేశారు. 2010 దాకా సడలించలేదు. అంత పెద్ద సైన్యం గోటి కన్నా కాస్త పెద్దదైన వస్తువుకి భయపడింది!

(ఈ భాగానికి మన ఆర్టిస్టు పెన్‌డ్రైవులోంచి పురుగు వస్తున్న బొమ్మ వేశాడు. పొగాకు లద్దెపురుగులా వచ్చింది. అయినా బాగుంది.)

రెండోది ఫేస్‌బుక్, ఫోన్ల సంగతి. ఇది కూడా విశాఖదే, చదువుతుంటే నాకు చాలా బాధ కలిగింది. 2019 డిసెంబరులో మన ఆంధ్రప్రదేశ్ పోలీసు ఇంటెలిజెన్సు వాళ్లు, నౌకాదళం ఇంటెలిజెన్సు వాళ్లు, కేంద్ర సంస్థల వాళ్లు కలిసి ఏడుగురు నౌకాదళ ఉద్యోగుల్ని, ఒక హవాలా వ్యాపారిని అరెస్టు చేశారు. ఆ ఆపరేషన్‌కి "డాల్ఫిన్స్ నోస్" అని పేరు పెట్టారు. విశాఖలో సముద్రంలోకి ముక్కులా పొడుచుకొచ్చిన కొండ పేరది. అరెస్టయినవాళ్లు పెద్ద ఆఫీసర్లేం కాదు, 2017 ప్రాంతంలో నౌకాదళంలో చేరిన కుర్రాళ్లని పత్రికలు రాశాయి. అంటే ఇంటర్ అయిపోయిన కొద్దికాలానికే యూనిఫాం వేసుకున్నవాళ్లు. మన సీనియర్ల వయసు.

ఎలా చిక్కుకున్నారు? ఫేస్‌బుక్‌లో అమ్మాయి పేరుతో ఒక ఫ్రెండ్ రిక్వెస్టు వస్తుంది. కబుర్లు మొదలవుతాయి. నాలుగు నెలలు గడిచాక ఆ కబుర్లనే పట్టుకుని బెదిరింపు మొదలవుతుంది. తరవాత డబ్బు ఆశ. చివరికి ఏ ఓడ ఎక్కడుంది, ఏ జలాంతర్గామి ఎప్పుడు కదిలింది అని అడుగుతారు. ఈ కుర్రాళ్లు అలాంటి వివరాలు పాకిస్తాన్ వాళ్లకి చేరవేశారన్నది కేసు. దర్యాప్తు తరవాత ఎన్.ఐ.ఏ. చేతికి వెళ్లింది. ఆ నెలాఖరుకే నౌకాదళం తన ఓడల్లోకి, స్థావరాల్లోకి స్మార్టుఫోన్లు తేకూడదని, ఫేస్‌బుక్ వాడకూడదని నిషేధం పెట్టింది. 2020 జూలైలో సైన్యం కూడా ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రాంతో కలిపి 89 యాప్‌లు ఫోన్లలోంచి తీసేయమని జవాన్లకి, ఆఫీసర్లకి గడువు పెట్టింది.

మీరు అడగవచ్చు: కొత్తగా చేరినవాడికి తెలిసే రహస్యాలు ఏముంటాయి? ఏ గంటకి లేస్తాడో, ఎక్కడ పరిగెడతాడో అంతే కదా! నేనూ అలాగే అనుకున్నాను. 2018 జనవరిలో ఏం జరిగిందో చూడండి. స్ట్రావా అని ఒక యాప్ ఉంది. వ్యాయామం కోసం పరిగెత్తేవాళ్లు అందులో తాము పరిగెత్తిన దారిని రికార్డు చేసుకుంటారు. ఆ కంపెనీ ప్రపంచంలో అందరి దారుల్నీ కలిపి, వెలుగుతున్న గీతలతో ఒక మ్యాపు వేసి ఇంటర్నెట్‌లో పెట్టింది. ఆస్ట్రేలియాలో 20 ఏళ్ల విద్యార్థి ఒకడు ఆ మ్యాపు చూసి, అరే, ఎడారి మధ్యలో ఎవరూ లేనిచోట ఈ వెలుగు గీతలేమిటి అన్నాడు. తీరా చూస్తే అవి మిలిటరీ స్థావరాలు! సైనికులు పొద్దున్నే కంచె వెంట చుట్టూ పరిగెత్తితే స్థావరం ఆకారం మొత్తం గీసినట్టు వచ్చేసింది. ఆ సైనికుల్లో ఒక్కడు కూడా రహస్యం చెప్పలేదు. పరిగెత్తారంతే.

మూడోది కాపీ కొట్టడం. దీని గురించి మనకి ఎవరూ చెప్పక్కర్లేదు కాబట్టి తొందరగా కానిస్తాను. అమెరికా నౌకాదళ అకాడమీలో 2002 నవంబరులో కాడెట్లు క్లాసుల్లో ఉండగా దాదాపు 100 కంప్యూటర్లు గదుల్లోంచి పట్టుకుపోయారు. డబ్బు కట్టకుండా పాటలు, సినిమాలు దించుకుంటున్నారేమోనని. మరుసటి ఏడాది 85 మంది మీద క్రమశిక్షణ చర్య తీసుకున్నారు. వెస్ట్ పాయింట్‌లో 2020 మే నెలలో కరోనా వల్ల లెక్కల పరీక్ష ఇళ్ల దగ్గర నుంచే కంప్యూటర్లో రాయించారు. జవాబులు దిద్దుతుంటే చాలామంది ఒకే చోట ఒకే తప్పు చేశారు! 73 మంది దొరికారు, ఒక్కరు తప్ప అందరూ మొదటి సంవత్సరం వాళ్లే. 8 మందిని పంపించేశారు, 50 మందికి పైగా ఒక సంవత్సరం వెనక్కి వెళ్లారు. ఒకే తప్పు అందరూ చేస్తే దొరికిపోతారన్నది మన ఎనిమిదో తరగతి వాళ్లకే తెలుసు, వాళ్లకి ఎలా తెలియలేదో!

నాలుగోది పాస్‌వర్డు ఎవరికీ చెప్పకూడదన్నది. ఇది చదివాకే నాకు ఈ వ్యాసం రాయాలనిపించింది.

పాస్‌వర్డు లెక్క ముందు చూడండి. ఇంగ్లీషు చిన్న అక్షరాలు ఆరు పెడితే 30 కోట్ల 89 లక్షల రకాలు వస్తాయి. ఎనిమిది పెడితే 20,882 కోట్లు దాటుతాయి. రెండక్షరాలు పెంచితే ఎంత తేడానో చూశారా! మన క్లాసులో చాలామంది రోల్ నంబరే పాస్‌వర్డుగా పెట్టుకున్నారు. క్లాసులో ఎంతమంది ఉంటే అన్ని రకాలే. ఒక పీరియడ్‌లో అందరివీ తెరవచ్చు. అయితే ఎంత పొడుగు పాస్‌వర్డు పెట్టినా, అడగగానే నోటితో చెప్పేస్తే 20,882 కోట్లూ ఒక్కటితో సమానం.

వెస్ట్ పాయింట్‌లో 2004లో ఒక పరీక్ష చేశారు. కాడెట్లకి తెలియకుండా చేశారు. 512 మంది కాడెట్లని ఎంచుకుని వాళ్లకి ఒక ఈమెయిల్ పంపారు. రాబర్ట్ మెల్విల్ అనే కల్నల్ పంపినట్టు ఉంది. నీ మార్కుల రిపోర్టులో ఏదో సమస్య ఉంది, ఇక్కడ నొక్కి చూసుకో అని దాని సారాంశం. ఆ కల్నల్ అసలు లేడు. ఆయన ఆఫీసు ఏడో అంతస్తులో అని రాశారు, ఆ భవనానికి ఏడో అంతస్తే లేదు! మెల్విల్ అన్నది 200 ఏళ్లకి పైగా కిందట ఓడల కోసం ఒక పొట్టి ఫిరంగిని కనిపెట్టిన ఆయన పేరు. సరదాకి వాడుకున్నారు.

ఎంతమంది నొక్కారనుకుంటున్నారు? నూటికి 80 మంది పైగా. మొదటి సంవత్సరం వాళ్లయితే నూటికి 90 మంది. తమాషా ఏమిటంటే ఆ మొదటి సంవత్సరం వాళ్లకి అప్పటికే 4 గంటలసేపు కంప్యూటరు జాగ్రత్తల పాఠం చెప్పి ఉన్నారు.

వాళ్లు తెలివితక్కువ వాళ్లా? అమెరికా అంతా జల్లెడ పట్టి ఏరుకున్న కుర్రాళ్లు! కారణం తెలివి కాదు. కల్నల్ అన్న మాట. మిలిటరీలో చేరిన మొదటి రోజు నుంచి వాళ్లకి నేర్పేది ఒక్కటే, పై ఆఫీసరు చెప్తే ఎదురు అడక్కుండా చెయ్యమని. నాలుగో సంవత్సరం వాడికి ఏ కల్నల్ ఎక్కడ కూర్చుంటాడో తెలుసు. ఈ పేరు ఎప్పుడూ వినలేదే అనుకునే వీలుంది. కొత్తవాడికి అందరూ కల్నల్లే. ఎవరు నిజం కల్నలో ఎవరు కాదో వాడికి ఇంకా తెలియదు, అడిగితే ఏమంటారోనని భయం. వాడి విధేయతే వాడికి కంత అయింది.

అందుకే మొదటి ఏడాది వాళ్లకి రూళ్లు అంత గట్టిగా ఉంటాయని నాకు అర్థమైంది. నేను ఇన్నాళ్లూ రూలంటే మనల్ని కట్టేసే తాడు అనుకున్నాను. ఇక్కడ చూస్తే రూలు చిన్నవాడి చేతిలో డాలు. "సార్, నా పాస్‌వర్డు ఎవరికీ చెప్పకూడదని ఆర్డరు ఉంది, మీక్కూడా" అని కొత్త కాడెట్ కల్నల్ ముఖం మీద అనగలడు. రూలే లేకపోతే వాడికి అంత ధైర్యం ఎక్కడిది?

ఇది నాకు ఎందుకు తట్టిందో కూడా రాసేస్తాను. సిగ్గుగానే ఉంది, అయినా రాస్తాను.

పోయిన వేసవి సెలవుల్లో బుట్టాయగూడెం అవతల మా ఊళ్లో ఉన్నాను. మా నాన్న ఫోనుకి ఒక కాల్ వచ్చింది. మాకు సిగ్నల్ దొరకాలంటే చింతచెట్టు దాకా వెళ్లాలి, నేనే పట్టుకుని పరిగెత్తాను. "స్కాలర్‌షిప్పు ఆఫీసు నుంచి సార్‌ని మాట్లాడుతున్నాను బాబూ" అన్నాడు. మా నాన్న పేరు చెప్పాడు, నా క్లాసు చెప్పాడు. మీ డబ్బు ఆగిపోయింది, ఇప్పుడు ఫోనుకి ఆరంకెలు వస్తాయి, అవి చెప్తే ఈ రోజే వేసేస్తాం అన్నాడు. నేను నిలబడి, "ఎస్ సార్" అని, ఆరంకెలూ చదివి వినిపించాను. రెండోసారి కూడా అడిగితే రెండోసారి కూడా చదివాను. సార్ అన్నవాడు అడిగితే లేచి నిలబడి జవాబు చెప్పడం మనకి అలవాటు కదా.

జీడిపిక్కలు అమ్మిన డబ్బు 6,400 రూపాయలు ఖాతాలోంచి పోయాయి. మా అమ్మ రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మా నాన్న నన్ను కొడతాడనుకున్నాను. "ఆఫీసరు అడిగితే చెప్పకుండా ఎలా ఉంటావులేరా" అన్నాడు. కొట్టినా బాగుండేది. 1930 అనే నంబరుకి వెంటనే ఫోను చేస్తే డబ్బు అవతలికి వెళ్లకుండా ఆపే వీలుంటుందని మాకు తెలిసేసరికి పది రోజులు దాటింది. ఆ నంబరు కింద ఎర్ర స్కెచ్‌తో పెద్దగా రాశాను. సెలవులకి వెళ్లేటప్పుడు మీ నోటుపుస్తకంలో ఎక్కించుకుని వెళ్లండి.

నాకు చదువు రాక చెప్పానా? ఓ.టి.పి. ఎవరికీ చెప్పకూడదని బ్యాంకు వాళ్ల మెసేజీలోనే రాసి ఉంది. నేను చదివాను కూడా. వెస్ట్ పాయింట్ కుర్రాళ్లు 4 గంటల పాఠం విన్నట్టే.

ఈ వ్యాసం చిత్తుప్రతి కంప్యూటరు మాస్టారికి చూపిస్తే ఆయన నవ్వి, మన దగ్గర కూడా ఆ కల్నల్ పరీక్ష చేద్దామా అన్నారు. వార్డెన్ గారిని అడిగారు, ఆయన సరేనన్నారు. ఎనిమిదో తరగతి వాళ్లు కంప్యూటరు రూములో ఉండగా నా చేతికి చీటీల కట్ట ఇచ్చి పంపారు. "పెద్ద ఆఫీసరు గారు తనిఖీకి వస్తున్నారు, ప్రతి ఒక్కరూ పేరు, పాస్‌వర్డు రాసి ఇవ్వాలి" అని చెప్పాను. ఆ ఆఫీసరు పేరు ఏమిటని ఒక్కడూ అడగలేదు. చకచకా రాసిచ్చేశారు. ఒకడు నీటుగా రూళ్ల గీతలు గీసి మరీ రాశాడు. చివరి బెంచీలో ఒక్క తమ్ముడు మాత్రం కాగితం కింద పెట్టుకుని కూర్చున్నాడు. ఏరా రాయవా అంటే, "ఆయన్నే రమ్మనండి అన్నా, నేనే లాగిన్ చేసి చూపిస్తాను" అన్నాడు.

మాస్టారు వచ్చి అసలు సంగతి చెప్పి, చీటీలన్నీ వాళ్ల ముందే చింపేశారు. అందరిచేతా అక్కడికక్కడే పాస్‌వర్డులు మార్పించారు. మరుసటి రోజు ఉదయం అసెంబ్లీలో వార్డెన్ గారు, "నేను అడిగినా సరే, మీ పాస్‌వర్డు చెప్పకండి" అని మైకులో అన్నారు. ఫోన్ల బీరువా తాళం సంగతి మాత్రం ఆయన ఎత్తలేదు. మేమూ అడగలేదు.

– ఇంటర్ మొదటి సంవత్సరం